రెండొందల అంతస్తులు

ఆ తొమ్మిదంతస్తుల మేడలో అందరికంటే ఎక్కువసార్లు పైకి వెళ్లిందెవరని అడిగితే లిఫ్ట్‌మాన్‌నే చూపించాలి. అందరికంటే తక్కువ నడిచిందెవరని అడిగినా ఆయన్నే చూపించాలి. పంతొమ్మిదేళ్లుగా ఆ ఇనపగదిలో గుండ్రటి స్టూలు మీద కూర్చుని, జాలీ తలుపు బర్రున లాగి, మీట నొక్కి, జనాన్ని పైకి మోస్తున్నాడు. మోసేది తానేనని ఆయన నమ్మకం. మోసేది లిఫ్టు కదా అని ఎవరైనా నోరు జారారో, ఆ రోజు వాళ్లని ఒక అంతస్తు కింద దింపేస్తాడు. మేడలో అందరూ ఆయన్ని పైఅంతస్తు అంటారు. అది కొంత ఉద్యోగం చూసి పెట్టిన పేరు, ఎక్కువగా మాటలు చూసి పెట్టిన పేరు.

శనివారాలు ఆఫీసులన్నీ రెండింటికే మూసేస్తారు. మూడింటికల్లా మెట్ల కింద టీ కొట్టు దగ్గర సభ మొదలవుతుంది. సభ అంటే ఎంతమందో కాదు. టీ కొట్టాయన, గేటు దగ్గరి వాచ్‌మన్ తాత, పక్క గదిలో జిరాక్సు మిషన్ నడిపే బట్టతలాయన, మెట్లూ వరండాలూ ఊడ్చే ఆవిడ. మధ్యలో స్టూలు తెచ్చి వేసుకుని పైఅంతస్తు. ఊడ్చే ఆవిడ ఆయనకి సొంత చెల్లెలు. బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుని, అన్నయ్య కోసిన కోతలన్నీ వింటుంది. ఎక్కడ నవ్వాలో అక్కడ నవ్వుతుంది. ఈ శనివారం మాత్రం ఆవిడకి నవ్వు రావడం లేదు.

మూడు నెలల కిందట పైఅంతస్తు రక్తపరీక్ష చూసి డాక్టరుగారు ఒక మాట చెప్పారు. ఒంట్లో ఇన్సులిన్ బాగానే తయారవుతోంది, ఒళ్లే దాని మాట వినడం లేదు, షుగరు ఇంకా లోపలికి రాలేదు, గుమ్మం దాకా వచ్చి నిలబడింది అన్నారు. తిండి సర్దుకుని, తిన్నాక నడిచి, గంటల తరబడి కూర్చోవడం తగ్గిస్తే వెనక్కి పంపొచ్చని కూడా అన్నారు. పోయిన శనివారం మళ్లీ పరీక్ష చేయిస్తే అంకె తగ్గకపోగా పెరిగింది. "రోజూ ఏమాత్రం నడుస్తున్నారు?" అని డాక్టరుగారు అడిగారు. "రోజుకి రెండొందల అంతస్తులు ఎక్కుతున్నాను సార్" అన్నాడు పైఅంతస్తు, కన్ను ఆర్పకుండా.

అది పూర్తిగా అబద్ధమని కూడా అనలేం. లిఫ్ట్‌మాన్లు అలాగే మాట్లాడతారు. లిఫ్టు ఏడో అంతస్తులో ఉంటే "ఏడులో ఉన్నా" అంటారు, సాయంత్రం తలుపు మూస్తూ "ఇవాళ నూటఎనభై ఎక్కాను" అంటారు. పాపం డాక్టరుగారికి ఆ భాష తెలియదు. ఆయన ఆ రెండొందలూ కాగితం మీద రాసుకుని, చాలాసేపు చూసి, "ఇంత చేస్తున్నా తగ్గలేదంటే ఇది అలవాట్లతో అయ్యే పని కాదండీ. ఈ వారం చేసిందంతా గుర్తుపెట్టుకుని వచ్చే శనివారం ఐదింటికి రండి. అప్పుడూ ఇదే మాటైతే మందులు మొదలుపెడదాం" అన్నారు. చెల్లెలు ఆ పక్క కుర్చీలోనే ఉంది. పెద్దవాడు, పరాయి మనిషి ముందు మాట కాదనడమెలాగని నోరు మూసుకుంది. ఆ మూసుకున్న నోరు వారం రోజులుగా ఆవిడకి ముద్ద దిగనివ్వడం లేదు.

మందంటే ఆవిడకి కోపమేమీ లేదు. అవసరమైతే వేసుకోవాల్సిందే. కానీ లేని నడకని చూసి రాసే మందు ఉన్న జబ్బుని ఎలా తగ్గిస్తుందని ఆవిడ బాధ. వాళ్ల నాన్నది కూడా షుగరే. ఆయనా ఎవరికీ ఏదీ నిజం చెప్పలేదు, చివరి రెండేళ్లూ చెల్లెలి భుజం పట్టుకునే నడిచాడు, కళ్లు కనపడక. అప్పుడు ఇంట్లో అందరికీ ధైర్యం చెప్పింది ఈ అన్నయ్యే. ఇవాళ నాన్న గోడ మీది క్యాలెండరు చదివాడు, రేపు పేపరు చదువుతాడు అని రోజుకో కోత కోసేవాడు. పదేళ్ల పిల్ల అవన్నీ నమ్మి కడుపునిండా తిని పడుకునేది. అందుకే ఆయన మాటని కోసేయాలంటే ఆవిడకి చేతులు రావు. ఇవాళ ఐదింటికి మళ్లీ డాక్టరు. గోడ గడియారంలో మూడుంపావు.

"మొదట్లో నేనేం పెద్ద ఘనకార్యం చేయలేదు" అని మొదలుపెట్టాడు పైఅంతస్తు. ఆయన ఎప్పుడూ నవ్వకుండా చెప్తాడు, అదే ఆయన విద్య. "టీలో చక్కెర మానేశాను. అంతే."

"నేనే సాక్షి" అన్నాడు టీ కొట్టాయన. "రెండో టీలో మానేశాడు. మొదటి టీలో కాదు."

"ఆగవయ్యా, ఆ మొదటిది మానడానికి బలం కోసం తాగింది. మానడమంటే మీరనుకుంటున్నట్టు కాదు. మొదటి రోజు నాలుక నాతో మాట్లాడలేదు. రెండో రోజు అలిగి అంగిట్లోకి వెళ్లి కూర్చుంది. మూడో రోజు నేనే నెగ్గాను. పదిరోజులయ్యేసరికి నా పేరు చక్కెరలోకంలో ఎంత పాకిందంటే, నేను కిరాణాకొట్టు ముందునుంచి వెళ్తుంటే డబ్బాలో చక్కెర భయంతో గడ్డకట్టుకుపోయేది. కొట్టాయన సుత్తి పెట్టి కొట్టుకున్నాడు పాపం. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అసలు ఈ జబ్బేంటో కనిపెట్టాను."

"డాక్టరు చెప్పలేదా?" అన్నాడు జిరాక్సాయన.

"ఆయన తాళమన్నారు, తాళంచెవి అన్నారు, నాకు బుర్రకెక్కలేదు. నేను చెప్తా వినండి. ఒళ్లు ఒక మేడ. మనం తిన్న అన్నం చక్కెరై రక్తంలోకి వస్తుంది చూశారూ, ఆ చక్కెరే జనం, పొద్దున తొమ్మిదింటికి మన లిఫ్టు ముందు తోసుకునే జనం. మరి ఇన్సులిన్ ఎవరు? లిఫ్ట్‌మాన్! జనాన్ని ఎక్కించుకుని ప్రతి అంతస్తులోనూ తలుపు తీయించి లోపలికి దింపడం వాడి ఉద్యోగం. ఇప్పుడు అంతస్తుల్లో వాళ్లు లోపల గడియ పెట్టుకున్నారనుకో, వాడు బెల్లు కొడతాడు, తలుపు బాదుతాడు, వీడొక్కడూ చాలడని ఇంకో లిఫ్ట్‌మాన్‌ని పంపిస్తారు, ఇంకొకణ్ని పంపిస్తారు, అయినా తియ్యరు. జనం ఎక్కడికి పోతారు? వరండాలో, మెట్ల మీద, కిటికీ చువ్వలు పట్టుకుని వేళ్లాడుతూ ఉంటారు. కొన్నాళ్లకి లిఫ్ట్‌మాన్లకి నడుములు పడిపోతాయి. అదయ్యా ఇన్సులిన్ రెసిస్టెన్స్ అంటే!"

"మరి తలుపులు ఎలా తీయించాలిరా అబ్బాయ్?" అన్నాడు వాచ్‌మన్ తాత, నిజంగానే తెలుసుకోవాలని.

"నడిచి తీయించాలి తాతా. కండ కదిలితే గడియ వదులవుతుంది. తిన్నాక పది నిమిషాలు నడిస్తే చాలు, తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి. కూర్చుంటే మళ్లీ బిగుసుకుంటాయి."

చెల్లెలికి ఆ మాట వినగానే గర్వమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఇంత తేటగా డాక్టరుగారు కూడా చెప్పలేకపోయారు. ఏమీ తెలియనివాడైతే కూర్చోబెట్టి చెప్పుకోవచ్చు. ఇంత తెలిసిన మనిషికి ఏం చెప్పాలి?

"ఇక తిండి సంగతి" అని పైఅంతస్తు స్టూలు ముందుకి జరుపుకున్నాడు. "కంచంలో కూడా క్యూ పెట్టాను. ఆకుకూరలు, కూరగాయ ముక్కలు ముందు నిలబడాలి. తర్వాత గుడ్డో చేపో. అన్నం అందరికంటే వెనక. మొదట్లో అన్నం తోసుకుని ముందుకి రాబోయింది, లిఫ్టు ముందు తోసుకునేవాళ్లని చూసే చూపు ఒకటుంది నా దగ్గర, అది చూశాను. మెతుకులన్నీ సర్దుకుని వరసలో నిలబడ్డాయి. నెల తిరిగేసరికి నేను పిలిస్తేనే వచ్చేవి. పదిహేడు మెతుకుల్ని పిలిచేవాణ్ని. పద్దెనిమిదోది వస్తే, నీకు టోకెన్ లేదమ్మా అని పంపించేవాణ్ని."

జిరాక్సాయన పకపకా నవ్వాడు. "నాలుగో అంతస్తు బీమా ఆఫీసులో పుట్టినరోజు కేకు కోసినప్పుడు కూడా టోకెన్లు ఇచ్చారా గురువుగారూ? నేనూ ఉన్నాను అక్కడ."

"ఉన్నావు, కానీ జరిగింది చూశావా? పళ్లెంలో ముక్క పెట్టి నా చేతికిచ్చారు. నేను దాన్ని చూశాను. అది నన్ను చూసింది. ఎంతసేపు చూసుకున్నామంటే పైన క్రీము చెమటలు పట్టి కారిపోయింది. చివరికి ఆ ముక్కే సిగ్గుపడి వెనక్కి నడుచుకుంటూ వెళ్లి డబ్బాలో పడుకుని మూత వేసుకుంది."

"అవునవును. తర్వాత తమరు మూత తీసి పరామర్శించారు."

"చచ్చిందో బతికిందో చూడొద్దూ?" అన్నాడు పైఅంతస్తు గంభీరంగా. తాత కూడా నవ్వాడు. చెల్లెలు గడియారం వంక చూసింది. నాలుగవుతోంది. పొద్దున మెట్ల మీద చూసింది ఇంకా ఆవిడ కళ్లముందే ఉంది.

"ఇప్పుడు అసలు సంగతికొస్తున్నా. మెట్లు. మొదటి రోజు భోజనమయ్యాక ఒక్క అంతస్తే ఎక్కాను, ఎక్కువ కోయను. రెండో రోజు రెండు. వారానికి తొమ్మిదీ ఎక్కి దిగి, మళ్లీ ఎక్కి, ఇలా కాదని లిఫ్టుతో పందెం వేశాను. మీట నొక్కి, ఖాళీ లిఫ్టుని పైకి వదిలి, నేను మెట్ల మీద బయల్దేరాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తొమ్మిదో అంతస్తులో లిఫ్టు ఆగేసరికి నేనక్కడ స్టూలు వేసుకుని కూర్చుని ఉన్నాను. జాలీ తలుపు నేనే తీశాను. లిఫ్టు ఆయాసపడుతోంది, దానికి మంచినీళ్లిచ్చాను."

"స్టూలు లిఫ్టులో ఉంటుంది కదన్నా?" అన్నాడు టీ కొట్టాయన.

"చంకలో పెట్టుకుని ఎక్కాను. మధ్యలో నీలాంటివాడు అడుగుతాడని తెలుసు. ఆ ఊపులో ఒక రోజు ఏం జరిగిందంటే, ఎనిమిది దాటాను, తొమ్మిది దాటాను, కాళ్లు ఆగడం లేదు, పదికి వెళ్లాను, పదకొండుకి వెళ్లాను."

"మన మేడకి ఉన్నవే తొమ్మిది కదరా?"

"ఆగితే తొమ్మిదే తాతా. నేను ఆగలేదు. పదకొండో అంతస్తు ఎంత ప్రశాంతంగా ఉందో! అక్కడ జనం లేరు, బెల్లు లేదు. అక్కడ కాసేపు కూర్చున్నాను. కిందికి చూస్తే మన లిఫ్టు అగ్గిపెట్టెలా ఉంది. మర్నాడు రక్తం ఇచ్చాను. సూది గుచ్చిన అమ్మాయి చుక్కని వెలుతురులో పెట్టి చూసి, ఇది మనిషి రక్తమా, కొండమీది ఊట నీళ్లా అంది. మిషన్‌లో పెడితే అంకె రాలేదు. మిషన్ చేతులెత్తి దండం పెట్టి ఆరిపోయింది."

అందరూ నవ్వుతున్నారు. పైఅంతస్తు ఖాళీ గ్లాసు పక్కన పెట్టి, చొక్కా జేబులోంచి డాక్టరు చీటీ తీసి మడత సరిచేసుకున్నాడు. "సరే, ఐదింటికి డాక్టరు దగ్గరికి పోవాలి. పదకొండో అంతస్తు సంగతి ఆయనకి చెప్పను, చదువుకున్నవాళ్లు నమ్మరు. రెండొందలూ మాత్రం చెప్తాను. ఆ మాటకే పోయినసారి ఆయన కలం ఆగిపోయింది."

ఇంతవరకూ ఆవిడ ఆశ ఒక్కటే, ఇక్కడ కోసిన కోతలన్నీ ఇక్కడే పారేసి వెళ్తాడేమోనని. ఆ ఆశ కాస్తా పోయింది. ఆవిడకి భయమేసింది, ఆ భయంలోంచే మాట వచ్చింది.

"పదకొండు నిజమే అన్నయ్యా" అంది. "అంతస్తులు కాదు. మెట్లు."

జిరాక్సాయన నవ్వబోయి, ఆవిడ మొహం చూసి మానేశాడు.

"నాలుగు దాటాక ఎవరూ మెట్లెక్కరు. అందరూ నీ లిఫ్టులోనే వెళ్తారు. అక్కడ్నుంచి పైకి నేను శనివారం శనివారమే ఊడుస్తాను. వారమంతా దుమ్ము పడుతుంది. ఎవరు నడిచినా అందులో తెలిసిపోతుంది. ఎప్పుడూ ఏమీ ఉండదు. ఇవాళ పొద్దున నాలుగు నుంచి ఐదుకి వెళ్లే మెట్ల మీద అడుగులు కనపడ్డాయి. పదకొండు మెట్లు. మలుపు దగ్గర పన్నెండో మెట్టు మీద ఎవరో కూర్చున్నారు. అక్కడ దుమ్మంతా తుడిచిపెట్టుకుపోయింది. పక్కన గోడ మీద అరచెయ్యి ఆనించిన గుర్తుంది. తర్వాత అడుగులు కిందికే వచ్చాయి."

"కరెంటువాడెవడో అయ్యుంటాడు" అన్నాడు పైఅంతస్తు. గొంతు మాత్రం స్టూలు మీంచి దిగిపోయింది.

"ఎడమ అడుగులో మడమ దగ్గర చెప్పు కుట్టు గుర్తు పడింది. ఆ కుట్టు నేనే వేయించాను."

టీ కొట్టాయన పొయ్యి మంట తగ్గించాడు. వాచ్‌మన్ తాత తన కర్ర వంక చూసుకుంటూ కూర్చున్నాడు. పైఅంతస్తు ఆ చీటీని మడిచాడు, విప్పాడు, మళ్లీ మడిచాడు.

"ఊడ్చేశావా?" అని అడిగాడు.

"అటూ ఇటూ ఊడ్చాను. ఆ మెట్లు మాత్రం ఊడవలేదు. చెయ్యి రాలేదు."

"మంగళవారం" అన్నాడు పైఅంతస్తు. ఇంతకుముందు ఎవరూ వినని గొంతు అది. "అన్నం తిన్నాక, ఎవరూ చూడకుండా ఉండాలని నాలుగు దాకా లిఫ్టులో వెళ్లాను. పది ఎక్కేసరికి గుండె చెవుల్లో కొట్టుకుంది. పదకొండుకి కాళ్లు వణికాయి. కూర్చుండిపోయాను. కింద జనం బెల్లు కొడుతున్నారు. నాకు వినపడుతోంది. లేవలేకపోయానే. పంతొమ్మిదేళ్లు ఈ మేడనంతా మోశానని చెప్పుకున్నాను, నన్ను నేను ఒక్క అంతస్తు మోసుకోలేకపోయాను. అక్కడ నాన్న గుర్తొచ్చాడు. మళ్లీ ఎక్కలేదు."

ఆవిడకి ఏడుపు ఆగలేదు. కొంగుతో మొహం తుడుచుకుని, "ఆ మాటే డాక్టరుగారికి చెప్పు" అంది. "గుండె కొట్టుకుందని కూడా చెప్పు. అంతకుమించి నాకేం వద్దు. ఏమీ చేయనివాడికి చేయడానికి ఇంకా బోలెడు ఉంటుంది. అన్నీ చేసేశానంటే ఆయన మాత్రం ఏం చేస్తారు?"

"పదకొండు మెట్లు, అంటే అర అంతస్తా?" అన్నాడు పైఅంతస్తు. "పంతొమ్మిదేళ్ల సర్వీసు ఉన్నవాణ్ని, అర అంతస్తని చెప్పుకోవాలా? ఒకటని చెప్పనా?"

"అరే అన్నయ్యా."

"ముప్పావు?"

ఆవిడ చీపురు మూలన పెట్టి, చేతులు కడుక్కుని వచ్చింది. డాక్టరుగారి గది నాలుగు వీధుల అవతల. ఎప్పుడూ ఆటోలో వెళ్లేవాళ్లు. ఇవాళ మెల్లగా నడిచే వెళ్లారు. ఆయాసం వచ్చినచోట చెప్పుల కొట్టు అరుగు మీద ఒకసారి, బడి గోడ పక్కన ఒకసారి ఆగారు.

డాక్టరుగారు పాత కాగితం తీసి ముందు పెట్టుకున్నారు. అందులో రెండొందలు అన్న అంకె కింద గీత కూడా ఉంది. "చెప్పండి, ఈ వారం ఎన్ని ఎక్కారు?" అన్నారు.

పైఅంతస్తు ఊపిరి బాగా లోపలికి పీల్చాడు. కోత మొదలుపెట్టేముందు ఆయన పీల్చే ఊపిరి అది, చెల్లెలికి చిన్నప్పట్నుంచీ తెలుసు. ఆవిడ కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అర సార్" అన్నాడు ఆయన. "వారం మొత్తానికి."

డాక్టరుగారు సరిగా వినపడలేదనుకున్నారు. "ఎన్ని?" అని మళ్లీ అడిగారు. పైఅంతస్తు ఈసారి ఇంకాస్త గట్టిగా చెప్పాడు.